ఇంజిన్ ఒకటే, ప్రీమియం మాత్రం వేరు: స్పోర్ట్స్ కారు ఇన్సూరెన్స్‌తో నా అనుభవం

బీఎండబ్ల్యూ ఎం340ఐ, జెడ్4 ఎం40ఐ. రెండింటిలోనూ 2998 సీసీ, ఆరు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజినే. వేగంలో తేడా చాలా తక్కువ. నిజానికి ఎం340ఐకే పవర్ ఎక్కువ. సెకండ్ హ్యాండ్‌లో ఈ రెంటిలో ఏదో ఒకటి, కుదరకపోతే ఫోర్డ్ మస్టాంగ్ తీసుకుందామని ముందుగా ఇన్సూరెన్స్ కొటేషన్లు అడిగాను. జెడ్4కు చెప్పిన మొత్తం ఎం340ఐ కంటే చాలా ఎక్కువ ఉంది. మస్టాంగ్‌కైతే ఒక కంపెనీ అసలు కొటేషనే ఇవ్వలేదు.

మాది మిర్యాలగూడ. మిల్లు లారీల ఇన్సూరెన్స్ ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను కాబట్టి పాలసీ కాగితం చదవడం నాకు కొత్త కాదు. అయినా ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోకుండా డబ్బు కట్టబుద్ధి కాలేదు.

మొదట థర్డ్ పార్టీ భాగం, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది, చూశాను. అక్కడ తేడా లేదు. ఆ రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. గూడ్స్ బండ్లకు బరువును బట్టి, పెట్రోల్, డీజిల్ కార్లకు సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1500 సీసీ దాటిన మామూలు పెట్రోల్, డీజిల్ ప్రైవేటు కారు ఏదైనా ఏడాదికి ₹7,897, పైన జీఎస్టీ. ఐదు లీటర్ల వీ8 మస్టాంగ్‌కూ అంతే, ఊళ్లో తిరిగే ఇన్నోవా క్రిస్టాకూ అంతే. స్పోర్ట్స్ కారు అంటే ప్రమాదం ఎక్కువ కాబట్టి ప్రీమియం ఎక్కువ అని అందరూ అనే మాట ఈ భాగానికి అస్సలు వర్తించదు.

తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లోనే, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టే భాగంలోనే ఉంది. దానికి పునాది ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే మనకు వచ్చే మొత్తం. కారు తయారు చేసిన కంపెనీ ప్రకటించిన ధరలోంచి కారు వయసును బట్టి తరుగు తీస్తారు. రెండు నుంచి మూడేళ్ల కారుకు 30 శాతం, మూడు నుంచి నాలుగేళ్లకు 40, నాలుగు నుంచి ఐదేళ్లకు 50. ఎం340ఐని చెన్నైలో అసెంబుల్ చేస్తారు. జెడ్4 ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో తయారై పూర్తి కారుగా దిగుమతి అయినది. కస్టమ్స్ సుంకంతో కలిసి ధర పెరుగుతుంది, ధరతో పాటు ఐడీవీ, ఐడీవీతో పాటు ప్రీమియం. ఇంతవరకు నాకూ తెలిసిందే. కానీ రెండు కార్లకూ ఒకే ఐడీవీ పెట్టి అడిగినా జెడ్4 రేటే ఎక్కువ వచ్చింది.

దీనికి జవాబు మా లారీల పాలసీలు చేసే ఏజెంటు దగ్గర దొరికింది. నల్లగొండలో చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నాయన. "తమ్మీ, అది ఎంత స్పీడ్ పోతదన్నది కాదు, ఒక్కసారి గుద్దితే బిల్లు ఎంతైతది, ఎన్ని రోజులు షెడ్డులో ఉంటది, వాళ్లు చూసేది అది" అన్నాడు.

దాంతో నేను హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి రెండు కార్ల విడిభాగాల గురించి అడిగాను. ఎం340ఐ విండ్‌షీల్డ్, ముందు డోర్లు లాంటి చాలా భాగాలు మామూలు 3 సిరీస్‌వే. మన దేశంలో బాగా అమ్ముడయ్యే కారు కాబట్టి అవి తొందరగా దొరుకుతాయి. జెడ్4 రెండు సీట్ల కారు, పైకప్పు గుడ్డది, మోటార్లతో మడుచుకుంటుంది. దాని బాడీ భాగాలు వేరే ఏ కారుకూ పనికిరావు, ఆర్డర్ పెట్టి బయటి దేశం నుంచి తెప్పించాల్సిందే. పైగా రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును టోటల్ లాస్‌గా లెక్కగడతారు. భాగాలు ఖరీదైన కారు ఆ గీతను తొందరగా చేరుతుంది. 2007 జనవరి నుంచి ఓన్ డ్యామేజ్ రేటు కంపెనీల చేతిలోనే ఉంది కాబట్టి ఒక్కో కంపెనీ ఈ లెక్కను ఒక్కోలా వేస్తుంది.

మస్టాంగ్ సంగతి ఇంకా చిక్కు. నేను చూసినది ఐదేళ్లు దాటిన కారు. అక్కడి నుంచి తరుగు పట్టిక ఉండదు, ఐడీవీ ఎంతన్నది మనకూ కంపెనీకీ మధ్య ఒప్పందమే. మన దేశంలో కొత్త మస్టాంగ్ అమ్మకాలు ఆగిపోయాయి కాబట్టి కొత్తదాని ధరతో పోల్చే వీలూ లేకుండా పోయింది. కొటేషన్ ఇచ్చిన కంపెనీల మధ్య ఐడీవీలోనే లక్షల తేడా కనిపించింది. జీరో డిప్రిసియేషన్, అంటే తరుగు కోయకుండా భాగాల ఖర్చు ఇచ్చే కవర్, ఇవ్వలేమన్నారు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం, ఐదేళ్లు దాటిన కారు లోహ భాగాల్లో 40 శాతం మన జేబులోంచే. ఒక బంపర్, ఒక ఫెండర్ పోతే చాలు, ప్రీమియంలో మిగిలిందంతా అక్కడే పోతుంది. ఇష్టమైన కారే అయినా ఇక దాన్ని వదిలేశాను.

డాలస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకుతో ఈ విషయం మాట్లాడితే, అక్కడ వయసు, ట్రాఫిక్ టికెట్లు, క్రెడిట్ చరిత్ర కూడా చూస్తారన్నాడు. ఇక్కడ నన్ను అవేవీ అడగలేదు. రిజిస్ట్రేషన్ ఊరు మాత్రం అడిగారు. పాత టారిఫ్ (2007కు ముందు అన్ని కంపెనీలకూ ఒకటే అయిన రేట్ల పట్టిక) ప్రకారం హైదరాబాద్ లాంటి ఎనిమిది నగరాలు ఏ జోన్, మిగతావన్నీ బీ జోన్. 1500 సీసీ దాటిన, ఐదేళ్లలోపు కారుకు ఏ జోన్‌లో 3.440 శాతం, బీ జోన్‌లో 3.343. ఐడీవీ 40 లక్షలైతే ఆ తేడా ₹3,880. ఉన్నంతలో మంచిదే, కానీ కారు ఎంపికను మార్చేంత పెద్ద మొత్తం కాదు.

యాడ్‌-ఆన్లలో, అంటే అదనంగా కొనే కవర్లలో, నేను పట్టుబట్టి తీసుకున్నది ఇంజిన్ ప్రొటెక్షన్. ఈ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి. చిట్యాల, చౌటుప్పల్ సర్వీస్ రోడ్ల స్పీడ్ బ్రేకర్ల మీద ఆయిల్ సంపు తగిలి ఆయిల్ కారిపోతే, అది తెలియక ఇంజిన్ నడిపితే వచ్చే నష్టాన్ని మామూలు పాలసీ భరించదు. వానకు నీళ్లు లోపలికి వెళ్లి ఇంజిన్ పట్టేసినా అంతే. రెండోది రోడ్ సైడ్ అసిస్టెన్స్. మామూలు పాలసీలో కారును తరలించడానికి ₹1,500 వరకే ఇస్తారు. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ దాకా ఫ్లాట్‌బెడ్‌కు అది ఏ మూలకూ రాదు. ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితమో రాతపూర్వకంగా అడిగి తీసుకున్నాను.

చివరికి ఎం340ఐ కొన్నాను. అప్పటికి అమ్మినాయన పాలసీ ఇంకా నడుస్తోంది. థర్డ్ పార్టీ భాగం మన పేరుకు మారినట్టే లెక్క, ఓన్ డ్యామేజ్‌కు మాత్రం 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు, కారుతో రాదు, మనిషితో ఉంటుంది. అందుకే అమ్మినాయనకు ఇచ్చిన బోనస్ మేరకు తేడాను మిగిలిన నెలలకు కంపెనీ నా దగ్గర కట్టించుకుంది. అంతకుముందు నా క్రెటా అమ్మినప్పుడు దాని 50 శాతం బోనస్‌కు కంపెనీ నుంచి లెటర్ తీసుకుని ఉంచాను. అది మూడేళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌లో ఆ లెటర్ పెట్టగానే ఓన్ డ్యామేజ్ ప్రీమియం సగానికి తగ్గింది. చిన్న కారు మీద సంపాదించిన శాతం పెద్ద కారుకూ అలాగే వర్తిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు కొనేవాళ్లు పాత కారు అమ్మేటప్పుడే ఆ లెటర్ తీసుకోవాలని గట్టిగా చెబుతాను.

పాలసీ పీడీఎఫ్ రాగానే ఆర్సీ పక్కన పెట్టుకుని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిచూశాను. ఛాసిస్ నంబరులో ఒక అక్షరం తప్పు పడింది. ఎండార్స్‌మెంట్‌కు, అంటే పాలసీలో సవరణకు, రాస్తే కంపెనీ సరిచేసి కొత్త కాపీ పంపింది. అది చేతికొచ్చాకే కారును హైవే ఎక్కించాను.