నాలుగో అంతస్తుకి ఎన్ని బిందెలు?

హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగమని తర్వాత పేపర్లో చదివాం. ఆ రోజు మాత్రం నేనూ, మా ఆవిడా బాల్కనీ తలుపు ఊడిపోకుండా దానికి వీపులు ఆనించి కూర్చున్నాం. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగింది. అయిపోయిందనుకున్నాం. అది తుఫాను కన్నట, సుడి నడుమ గాలి ఉండని చోటు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అందుకుంది.

తుఫాను ఒక్క రోజే. కరెంటు లేనిది ఏడు రోజులు.

చీకటికి ముందే సిద్ధపడ్డాం: కొవ్వొత్తులు, టార్చి, ఇన్వర్టర్. ఇన్వర్టర్ సాయంత్రానికే చేతులెత్తేసింది. అయినా చీకటి పెద్ద కష్టం కాదు, ఎనిమిదింటికి పడుకుంటే సరి. మేం లెక్క వేసుకోనిది నీళ్ల సంగతి. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పై ట్యాంకు ఖాళీ. సోమవారం పొద్దున్న పళ్లు తోముకుంటుంటే కుళాయి బుస్సుమని గాలి వదిలి ఊరుకుంది.

మాది ఎం.వి.పి. కాలనీలో నాలుగో అంతస్తు. 72 మెట్లు. లిఫ్టు లేదు సరే, వీధి చివర చేతి బోరు ఉందన్న సంగతే ఆ రోజు దాకా నాకు తెలీదు. క్యూలో గంట నిలబడి, బిందె భుజాన పెట్టుకుని ఎక్కితే రెండో అంతస్తుకే చొక్కా తడిసిపోయేది. సగం చెమట, సగం ఒలికిన నీళ్లు. రోజుకి ఎనిమిది బిందెలు మోశాను.

ఆ ఎనిమిదినీ నడిపింది అమ్మ. బొబ్బిలి దగ్గర పల్లెలో నూతి నీళ్లతో పెరిగిన మనిషి. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకి, గుడ్డలు జాడించిన నీళ్లు బాత్రూంకి. కింద పడిపోయిన అరటిచెట్ల ఆకులు కోసుకొచ్చి కంచాలు కడిగే పనే లేకుండా చేసింది. ఫ్లష్ నొక్కబోతే, "ఒరే నాన్నా, అందులో అర బిందె పోతుందిరా, చెంబుతో పొయ్యి" అనేది. నా మెట్ల లెక్కలో అర బిందె అంటే 36 మెట్లు!

ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పొంగి, తలుపు సందులోంచి కారింది. పాల ప్యాకెట్ 50 రూపాయలు చెప్పారొక చోట. కొనలేదు, అల్లం వేసి డికాక్షన్ తాగాం. సెల్‌ఫోన్లు చార్జింగ్ చేసుకున్నా సిగ్నల్ ఉండేది కాదు. రాత్రి ఫ్యాన్ మోత లేకపోతే సముద్రం హోరు మా పడగ్గదిలోకి వినిపిస్తుందని అప్పుడే తెలిసింది. కాకపోతే దోమల సంగీతం కూడా తోడు.

శనివారం సాయంత్రం, వేరే జిల్లా నుంచి వచ్చిన లైన్‌మెన్లు మా వీధి స్తంభం నిలబెట్టి, అమ్మ ఇచ్చిన డికాక్షన్ తాగి వెళ్లారు. ఏడున్నరకి లైట్లు వెలిగాయి. వీధంతా ఒకటే కేక. ఎవరూ టీవీ దగ్గరికి పోలేదు, అందరూ "మోటారు వెయ్యి!" అనే.

వాచ్‌మన్ వేశాడు. అరగంట గడిచినా ట్యాంకు నిండదే! వారం రోజులుగా నీళ్లొచ్చాయా అని కుళాయి తిప్పి చూసి, కట్టకుండా వదిలేసినవాళ్లు ఎంతమందో. మా బాత్రూంలోనూ ఒకటి ధారగా పోతోంది. వాచ్‌మన్ అంతస్తు అంతస్తుకీ తలుపులు బాదుకుంటూ ఎక్కొస్తున్నాడు, "కుళాయిలు కట్టండి బాబూ, కట్టండమ్మా" అని.