మా వాడికి దుబాయ్‌లో బడి దొరికేదాకా

మా ఆయనకి దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమవగానే చుట్టాలంతా జీతమెంత, ఇల్లెక్కడ అని అడిగారు. నా టెన్షన్ ఒక్కటే, చిన్నాడి బడి. వాడికి ఏడేళ్లు, ఆటిజం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ నీపిడ్‌లో చేయించిన అసెస్‌మెంట్ రిపోర్టు, స్పీచ్ థెరపీ కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకుని ఆగస్టులో విమానం ఎక్కాను. మన సిలబస్ బడులు అక్కడ కూడా ఏప్రిల్‌లోనే మొదలైపోతాయి కాబట్టి బ్రిటిష్ సిలబస్ వాటి మీద పడ్డాం.

దుబాయ్ ప్రైవేటు బడుల మీద అజమాయిషీ కేహెచ్‌డీఏ అనే అక్కడి ప్రభుత్వ సంస్థది. తనిఖీ రిపోర్టులు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. నేను పైనున్న రేటింగ్ చూసి మురిసిపోయాను. మావాడిలాంటి పిల్లల గురించి లోపల వేరే రాస్తారని, చదవాల్సింది అదేనని రెండు బడులు తిరిగాక గానీ తెలియలేదు.

మొదటి బడిలో ఫోన్లో సీటుందన్నారు, ఫైలు తిరగేశాక లేదన్నారు. వైకల్యం ఉందని చేర్చుకోకపోవడం కుదరదని అక్కడ 2006 నుంచే చట్టం ఉంది. కానీ గొడవపడి చేర్పిస్తే రోజంతా ఆ గదిలో కూర్చోవాల్సింది వాడు కదా! వచ్చేశాం. రెండో చోట ఇలాంటి పిల్లల కోసమేనంటూ ‘ఇన్‌క్లూజన్ రూమ్’ తాళం తీసి చూపించారు. నిండా అట్టపెట్టెలే.

మూడో బడిలో మేం మాట్లాడుతుండగా గంట మోగింది. మావాడు చెవులు మూసుకుని బల్ల కిందకి దూరాడు. నేను లేవబోతే టీచర్ చెయ్యి అడ్డం పెట్టి, తనే నేల మీద చతికిలబడి, ఒక క్రేయాన్ వాడివైపు దొర్లించింది. పిలవలేదు, బుజ్జగించలేదు. కాసేపటికి క్రేయాన్ వెనక్కి దొర్లి వచ్చింది. ఆయన, నేను మొహాలు చూసుకున్నాం.

క్లాసులో వాడి పక్కన కూర్చునే అసిస్టెంట్ జీతం మాత్రం ఫీజు కాకుండా మేమే కట్టాలి. రెండు బెడ్‌రూముల ఆశ వదులుకుని కరామాలో చిన్న ఫ్లాటు తీసుకున్నాం.

అసిస్టెంట్ ఫిలిప్పీన్స్ అమ్మాయి. మావాడికొచ్చే మాటలు నాలుగైదు, అన్నీ తెలుగే. ‘నీళ్లు’, ‘చాలు’, ‘బయటికి’ అని చెబితే చేతి మీదే రాసుకుంది. పాపం, ఆమెకి ళ పలకదు, ‘నీలు’ అంటుంది.

ఇప్పుడు మావాడూ ఇంట్లో ‘నీలు’ అంటున్నాడు.