అమ్మ పోసిన పాలు ఎవరు తాగేసినారు?

మా అమ్మ లెక్కలన్నీ లీటర్లలోనే ఉంటాయి. కరెంటు బిల్లు ఎంతొచ్చింది మా అంటే పద్దెనిమిది లీటర్లు అంటది, నా కూతురికి గౌను కొంటే ఇది నాలుగు రోజుల పాలు కదరా అంటది. పాకాల దగ్గర మా ఊర్లో ఆమెకు ఉండేది ఒకే ఒక సీమావు, పొద్దున ఆరు లీటర్లు, సాయంత్రం అయిదు, ఎండాకాలం వస్తే అది కూడా ఉండదు. పాలు పోసినప్పుడు ఇచ్చే చీటీలు ఉంటాయి చూడండి, పాలలో వెన్నెంత చిక్కదనమెంత అని చెప్పే ఫ్యాటు, ఎస్ఎన్ఎఫ్ అంకెలు ఉంటాయి, అవన్నీ రబ్బరు బ్యాండు వేసి దేవుడి పటం వెనకాల పెట్టుకుంటది. పదిహేను రోజులకోసారి బిల్లు బ్యాంకులో పడినాక పాస్‌బుక్కు ఎంట్రీ వేయించుకొచ్చి ఆ చీటీలతో సరిచూసుకుంటది. చదివింది మూడో తరగతి. నేను బీకాం, తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో అకౌంట్స్ రాస్తా. ఇద్దర్లో అకౌంటెంటు ఎవరో చదివినాక మీరే తేల్చుకోండి.

సంక్రాంతికి ఊరికి పోయినాం. పండగ మూడు రోజులూ ఏమీ అనలేదు. పసల పండగ అయిపోయి మరసటి రోజు పొద్దున బ్యాగులు సర్దుకుంటా ఉంటే పాస్‌బుక్కు తెచ్చి నా ముందర పెట్టింది. మూడు లైన్ల పక్కన మూడు పసుపు చుక్కలు, పెన్ను దొరకలేదేమో వేలితోనే పెట్టింది. జూన్‌లో ఒకటి, సెప్టెంబర్లో ఒకటి, డిసెంబర్లో ఒకటి. మూడూ 399 రూపాయలే.

"ఇవి ఎవురికి పోసిన పాలురా?" అనింది.

399 అంటే లీటరు 36 లెక్కన పదకొండు లీటర్లు. అంటే ఒక రోజు, రెండు పూటల పాలు. మూడు సార్లకి కలిపి 1,197, ముప్పై మూడు లీటర్లు. ఈ లెక్క నేను ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసే లోపల ఆమే చెప్పేసింది.

నేనేం చేసినా అంటే, ఇక్కడ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉండాది, ముందు మా చెల్లెలి కొడుకుని అనుమానించినా. వాడు అమ్మమ్మ ఫోన్లో గేమ్స్ ఆడతాడు, ఏదో నొక్కి ఉంటాడు అని వాణ్ని పిలిచి అరిచినా, వాడు ఏడ్చినాడు. తర్వాత అమ్మనే పట్టుకున్నా. తెలియని నెంబర్లు ఎత్తొద్దని చెప్పినానా లేదా, వచ్చిన లింకులన్నీ ఎందుకు నొక్కుతావు మా అని పెద్ద క్లాసు పీకినా. ఆమె అంతా విని, "నేను పచ్చగుండు, ఎర్రగుండు తప్ప ఇంకోటి నొక్కనురా" అనేసి ఆవు కాడికి పోయింది.

సరే ఎవరో తేలుద్దాం అని కూర్చున్నా. పాస్‌బుక్కులో ఆ లైన్లో ఉండే పేరు చూస్తే మీకు ఏమీ అర్థం కాదు. ఏదో పేమెంట్ల కంపెనీ పేరు సగం, దాని పక్కన ఇంత పొడుగు నెంబరు. మా గంగమ్మ జాతరలో రోజుకో వేషం వేస్తారు, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని, ఎంత రంగు పూసుకున్నా మన వీధి పిల్లోడయితే గుర్తుపట్టేస్తాం. దీన్ని మాత్రం గుర్తుపట్టలేకపోయినా. ఎస్సెమ్మెస్‌లు వెతికినా. ఉండాయి! ప్రతిసారీ డబ్బు కట్ అయ్యే ముందు రోజు ఒక మెసేజ్ వచ్చే ఉండాది, అంతా ఇంగ్లీషులో, లోన్ కావాలా అనేవాళ్ల మెసేజ్‌కి రీఛార్జ్ అయిపోయింది అనే మెసేజ్‌కి మధ్యలో. రూలు ప్రకారం 24 గంటల ముందు చెప్పాలి కాబట్టి చెప్పినారు, రూలు తప్పలేదు. తెలుగు మాత్రమే కూడబలుక్కుని చదివే మనిషికి అది చెప్పినట్టా?

ఆఖరికి యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ లోపలికి పోయి ఆటోపే అని, ప్రతిసారీ మనల్ని అడగకుండా డబ్బులు కట్ చేసుకునే ఏర్పాటు, ఉంటుంది కదా అది తెరిచినా. అక్కడుంది. మేమంతా వాడే ఒక షాపింగ్ యాప్, దాని మెంబర్‌షిప్, మూడు నెలలకోసారి. మొదలు పెట్టిన తేదీ మే నెల, టైము రాత్రి తొమ్మిది నలభై.

ఆ తేదీ చూసినాక నాకు కడుపులో ఏదో తిరిగింది. జాతరకని అమ్మ తిరుపతికి వచ్చి కొర్లగుంటలో మా ఇంట్లో వారం ఉండింది. కొట్టంలో రాత్రిపూట కనపడడం లేదు, ఒక టార్చిలైటు కొనిపెట్టరా అనింది. నా ఫోను ఛార్జింగులో ఉంటే ఆమె ఫోన్లోనే ఆర్డర్ పెట్టినా. లైటు 279, డెలివరీ 49. ఆ 49 చూసి నాకు ప్రాణం ఉసూరుమనింది, కింద డబ్బా ఒకటి కనపడింది, ముప్పై రోజులు ఉచితం, డెలివరీ ఫ్రీ అని. నొక్కినా. పిన్ను అడిగింది. "పిన్ను చెప్పు మా" అన్నా. ఆమె వంటింట్లో నుంచే నాలుగంకెలూ గట్టిగా చెప్పింది, నేను కొట్టినా.

కాబట్టి పిల్లోడు కాదు, అమ్మ కాదు. నేనే. 49 రూపాయలు మిగిల్చినా అని ఆరోజు మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నా, ఆమెకు బాగా గుర్తుంది, ఇప్పుడు రోజూ గుర్తు చేస్తా ఉంది.

ఆ పిన్ను సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అకౌంట్స్ రాసే నాకే సరిగ్గా తెలియదు. ఉచితం అన్నప్పుడు పిన్ను ఎందుకు అడగాలి? కొట్టుకెళ్లి శాంపిల్ తింటే పర్సు తీసి చూపించమంటారా? ఆ పిన్ను ఆరోజు కొన్న టార్చిలైటుకి కాదు, ఇకమీదట తీసుకోబోయే వాటన్నిటికీ కలిపి ముందే వేసిన సంతకం అది. యూపీఐలో ఈ ఆటోపే పద్ధతి 2020 జులైలో వచ్చింది. కార్డులకి, యూపీఐకి అన్నిటికీ రిజర్వ్ బ్యాంకు రూల్స్ 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చినాయి, మొదట ఒకసారి పిన్నో ఓటీపీనో కొట్టాలి, తర్వాత ప్రతి కోతకీ ముందు మెసేజ్ పంపాలి. కొట్టినాక మళ్లీ అడగకుండా తీసుకోగలిగే హద్దు అప్పట్లో అయిదు వేలు ఉండె, 2022 జూన్‌లో పదిహేను వేలు చేసినారు. 399 వాళ్లకొక లెక్కా. సందు చిన్నదయితే ఎలుక దూరినా ఎవరూ చూడరు, అందుకే ఇవన్నీ 99లు, 149లు, 399లు గానే ఉంటాయి అనేది నా అనుమానం.

యాప్ తీసేస్తే సరిపోతాదిలే అన్నాడు మా బావ. పోదు. చీటీలు వేసే ఆయన నెంబరు ఫోన్లోంచి డిలీట్ చేసినంత మాత్రాన చీటీ పాట ఆగిపోతుందా? మెంబర్‌షిప్ వేరే, ఆటోపే వేరే, రెండూ విడివిడిగా ఆపాల్సిందే.

ముందు మెంబర్‌షిప్ ఆపుదాం అని పోయినా. చేరేటప్పుడు ఒక్క నొక్కు. బయటికి రావడానికి అయిదు స్క్రీన్లు, నేను వేళ్ల మీద లెక్కపెట్టినా. ఒకదాంట్లో మీరు పోగొట్టుకునే లాభాలు ఇవీ అని పెద్ద పట్టీ, ఇంకోదాంట్లో పోనీ కొన్ని రోజులు ఆగండి గుర్తు చేస్తాం అని, ఇంకోదాంట్లో కొనసాగించండి అని బండిచక్రమంత రంగు బటన్, దాని కింద చీమతలకాయంత బూడిదరంగు అక్షరాల్లో "వద్దు, నాకు ఆదా అవసరం లేదు" అని. ఆదా అవసరం లేదంట! పాల చీటీలు పటం వెనకాల దాచుకునే మనిషి ఫోన్లో కనపడిన మాట ఇది. నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది ఇక్కడే, డబ్బుకి కూడా అంత మండలేదు.

పైగా ఆ లాభాలు ఏందయ్యా అంటే ఒక్కరోజులో డెలివరీ. మా ఊరికి ఒక్కరోజులో ఏదీ రాదు, వచ్చినా డెలివరీ అబ్బాయి బస్టాండు కాడ నిలబడి ఫోన్ చేసి ఈడికే రాండి అంటాడు. ఎనిమిది నెలల్లో అమ్మ ఆర్డర్ చేసిన వస్తువులు సున్నా.

ఇట్లా మొహమాటపెట్టే మాటలకి, తలుపు లోపలికి మాత్రమే తెరుచుకునే మెంబర్‌షిప్‌లకి కేంద్ర వినియోగదారుల శాఖ 2023 నవంబరు 30న పేర్లు పెట్టి మరీ వద్దని చెప్పింది. డార్క్ ప్యాటర్న్స్ అని 13 రకాలు రాసినారు. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అందులో ఒకటి, సిగ్గుపడేలా మాట్లాడి ఒప్పించడం ఒకటి, మనం అడగని వస్తువు బుట్టలో వేసి బిల్లు చేయడం ఒకటి. ఉచితం అని చెప్పి ముందే పేమెంటు వివరాలు తీసుకోవడం కూడా ఆ ట్రాప్ కిందికే వస్తుందని అందులో ఉంది. చదివినాక నా కేసు రాసుకుని పోయి చట్టం చేసినారా అనిపించింది.

మన దగ్గరే కాదు లెండి. అమెరికాలో అమెజాన్ మీద అక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2023లో కేసు వేసింది, జనాలకి సరిగ్గా చెప్పకుండా ప్రైమ్ అనే మెంబర్‌షిప్‌లో చేర్చుకుంటున్నారు, బయటికి పోనీయడం లేదు అని. 2025 సెప్టెంబర్లో 250 కోట్ల డాలర్లకి రాజీ అయినారు, అందులో 150 కోట్లు జనాలకి వాపసు. క్యాన్సిల్ చేసే దారికి కంపెనీ లోపల ఏదో పాత గ్రీకు యుద్ధకావ్యం పేరు పెట్టుకున్నారని ఆ కేసులో రాసినారు, మనోళ్లయితే చాటభారతం అని పెట్టుకుని ఉందురు. మా అమ్మ డబ్బులు లాగింది వాళ్లు కాదు, నా కత వేరే యాప్‌ది, పేరు రాయను, రాస్తే మళ్లీ అదొక తలనొప్పి.

క్యాన్సిల్ అయినాక ఆటోపేలోకి పోయి దాన్ని కూడా రద్దు చేసినా, దానికీ పిన్ను అడిగింది, ఈసారి అమ్మ పక్కనే నిలబడి చూసింది. తర్వాత కస్టమర్ కేర్ చాట్. మొదట మిషను మాట్లాడింది, దాన్ని దాటుకుని మనిషి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆ అబ్బాయి పాపం మర్యాదగానే మాట్లాడినాడు. చేరినాక ఒక్క ఆర్డరూ పెట్టలేదు, మీ రికార్డులోనే చూడండి అన్నా. డిసెంబర్ది ఇస్తాం, ముందువి కుదరదు అన్నాడు. 1915కి ఫోన్ చేస్తా అన్నా. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు. చేసినా కూడా, ఫిర్యాదు నెంబరు ఇచ్చినారు, పాస్‌బుక్కు ఫోటో, ఆటోపే స్క్రీన్‌షాట్ పెట్టినా. డిసెంబర్ 399 వారంలో వచ్చింది. మిగతా 798 గురించి ఇది రాసే రోజు వరకు ఉలుకూ పలుకూ లేదు.

ఆ రాత్రి తిరుపతికి వచ్చినాక నా ఫోన్లో ఆటోపే కూడా తెరిచి చూసినా. నాలుగు ఉండాయి. రెండు సినిమాలవి, అవి తెలుసు. ఒకటి పాటలది, అది మా ఆవిడది. నాలుగోది ధ్యానం నేర్పించే యాప్, నెలకి 99, రెండేళ్ల నుంచి పోతా ఉంది. ఒక్కరోజు కళ్లు మూసుకున్నది లేదు.

అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే నవ్వింది. మన కొండ మీద స్వామికి వడ్డికాసులవాడని పేరు, కుబేరుడి అప్పుకి ఇంకా వడ్డీ కడతానే ఉండాడు, అయినా ఆయన ఎవురి జేబులోనూ చెయ్యి పెట్టడురా, ముడుపు కట్టుకున్నోళ్లే కొండెక్కి నిలబడి వాళ్ల చేత్తో వాళ్లు హుండీలో వేస్తారు అనింది. నేను ఊ కొట్టినా.

మిగతా 798 నేనే ఆమె అకౌంట్లో వేసినా, ఇరవై రెండు లీటర్లు. చెల్లెలి కొడుక్కి క్రికెట్ బ్యాటు కొనిపెట్టినా, వాడింకా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు.

పోయిన ఆదివారం ఊరికి పోయినప్పుడు దాణా కొట్టాయనకి డబ్బులు కొట్టాలి అంటే ఫోను ఇటివ్వు మా అని తీసుకుని పిన్ను కొట్టినా. తప్పు అనింది. మళ్లీ కొట్టినా. మళ్లీ తప్పు. ఇంకోసారి కొట్టేలోపల అమ్మ వచ్చి ఫోను లాక్కుని, పక్కింటి ఇంటర్ చదివే పాప చేత మార్పించుకున్నాలే అని, అటు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుని కొట్టింది. ఏం పెట్టుకున్నావు మా కొత్త పిన్ను అంటే చెప్పదే.