రెక్క బలంగా ఉన్నా గాలిలో ఎందుకు విరుగుతుంది

స్వయంగా నిర్మించుకున్న తేలికపాటి విమానం గాలిలో విరిగిపోయిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ "రెక్క సరిగ్గా కట్టి ఉండడు" అన్న మాటే ముందుగా వినిపిస్తుంది. కట్టిన మనిషి చాలాసార్లు ఆ ప్రమాదంలోనే మరణించి ఉంటాడు కాబట్టి బదులు చెప్పేవారు ఉండరు. అది తొందరపాటు తీర్పని నేను గట్టిగా నమ్ముతాను. జోడియాక్ సీహెచ్ 601 ఎక్స్‌ఎల్ చరిత్రే అందుకు కారణం.

ఇద్దరు కూర్చునే ఈ అల్యూమినియం విమానాన్ని కొందరు కిట్ కొని స్వయంగా కట్టుకున్నారు, మరికొన్ని కర్మాగారంలోనే తయారయ్యాయి. దాని నిర్మాణం విరిగే హద్దు 6 జి అని, అంటే బరువుకు ఆరు రెట్ల భారం వరకు తట్టుకుంటుందని ప్రకటించారు. అయినా 2006 నుంచి అమెరికాలో నాలుగు, ఐరోపాలో రెండు విమానాలు గాలిలోనే విచ్ఛిన్నమై పది మంది మరణించారని, వీటిని ఎగరకుండా ఆపాలని, అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2009 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏను కోరింది. అది ప్రధానంగా వేలెత్తి చూపింది ఫ్లట్టర్‌ను, అంటే గాలి ప్రవాహం వల్ల రెక్కలో పుట్టి తనంతట తానే పెరిగే కంపనాన్ని.

ఫ్లట్టర్ స్వభావం తెలిస్తే రెక్క మీద ఇసుక బస్తాలు పేర్చి చేసే భార పరీక్ష ఒక్కటే ఎందుకు చాలదో అర్థమవుతుంది. రెక్క వెనుక అంచున కీలు మీద కదిలే పలక, అంటే ఎయిలెరాన్, గరిమనాభి కీలుకు వెనుక ఉన్నప్పుడు, ఒక గాలి కుదుపుకు రెక్క పైకి వంగితే ఎయిలెరాన్ జడత్వం వల్ల వెనుకబడి కిందికి వాలుతుంది. అలా వాలడంతో లిఫ్ట్ (పైకెత్తే బలం) పెరిగి రెక్క ఇంకా పైకి వంగుతుంది. తిరుగు ఊపులోనూ ఇదే వ్యతిరేక దిశలో జరుగుతుంది. వేగం ఒక హద్దు దాటితే ప్రతి ఊపూ గాలి ప్రవాహం నుంచి కొత్త శక్తిని లాక్కుంటుంది కాబట్టి, కొన్ని క్షణాల్లోనే ఆ కంపనం రెక్క లోపలి ప్రధాన దూలమైన ఏ స్పార్‌నైనా విరిచేంత పెద్దదవుతుంది. బస్తాలు కదలకుండా భారం మోపుతాయే తప్ప ఈ ఊగులాటను చూపలేవు. దీనికి ఎప్పటినుంచో తెలిసిన నివారణ, కీలుకు ముందు బరువు అమర్చి ఎయిలెరాన్‌ను తూకంలోకి తేవడం. 601 ఎక్స్‌ఎల్‌లో మొదట ఆ బరువు లేదు. నియంత్రణ కేబుళ్ల బిగువు సరిగ్గా ఉంటే చాలునన్న వాదన వచ్చింది గాని, నిర్వహణలో సడలిపోగల బిగువు మీద ప్రాణాలను నిలబెట్టడం నాకు సమ్మతం కాదు.

ఎయిలెరాన్లను ఇలా తూకంలోకి తెచ్చిన విమానాలలోనూ నిర్మాణకర్త చేతిలో కొంత మిగిలే ఉంటుంది. తూకం చూశాక మరో పూత రంగు వేసినా, గుంటలు పూడ్చడానికి ఫిల్లర్ రాసినా, ఆ బరువులో అధిక భాగం కీలుకు వెనుకే చేరుతుంది కనుక తూకం మళ్లీ చూడాల్సిందే. నియంత్రణ పలకల వెనుక అంచున ఉండే చిన్న సర్దుబాటు పలక, ట్రిమ్ ట్యాబ్, వదులుగా ఆడటాన్ని చిన్న లోపంగా తీసిపారేయరాదు. ఫ్లట్టర్ హద్దు గాలిలో విమానం నిజంగా సాగే వేగాన్ని బట్టి ఉంటుందన్న సంగతి కూడా పైలట్లలో చాలామందికి తట్టదు: ప్రామాణిక వాతావరణంలో 10,000 అడుగుల ఎత్తున ఆ నిజ వేగం వేగపు మీటరు చూపేదానికంటే సుమారు 16 శాతం ఎక్కువ.

రేకులను కలిపి బిగించే రివెట్ల సంగతి వేరు. అంచుకు మరీ దగ్గరగా వేసిన రంధ్రం నుంచి పగులు మొదలుకావచ్చు, అందుకే రంధ్రం మధ్య నుంచి అంచు వరకు రివెట్ వ్యాసానికి కనీసం రెట్టింపు దూరం ఉంచమంటారు. పై రేకు మూసేశాక లోపలి పని కనబడదు గనుక, మూయకముందే అనుభవమున్న మరొకరి చేత చూపించుకోవాలి.

2009 నవంబరులో ఎఫ్‌ఏఏ, మార్పులు చేస్తే తప్ప ఈ నమూనాకు ఎగరడానికి కావలసిన కొత్త యోగ్యతా పత్రాలు ఇవ్వబోమని ప్రకటించింది. ఆ మార్పుల్లో రెక్క నిర్మాణాన్ని దృఢపరచడంతోపాటు ఎయిలెరాన్లకు తూకపు బరువులు అమర్చడం కూడా ఉంది.