డెర్రవారా ఒడ్డున అక్క గుర్తొచ్చింది

డబ్లిన్‌లో ఉద్యోగానికి వచ్చి ఆరేళ్ళు దాటింది. పార్నెల్ స్క్వేర్‌లో ఉన్న గార్డెన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు కానీ, లోపలికి వెళ్ళింది మాత్రం మొన్న అక్టోబరులోనే. లోపల పెద్ద కంచు శిల్పం ఉంది. కింద పిల్లలు కూలిపోతున్నారు, వాళ్ళలోంచే హంసలు పైకి లేస్తున్నాయి. ఒషీన్ కెల్లీ చేశాడట, 1971లో పెట్టారు. లిర్ అనే రాజు పిల్లల గురించి ఐర్లండులో చెప్పుకునే పాత కథ అని తెలిసింది, అది జరిగిన సరస్సు ఇక్కడికి దగ్గరే అని కూడా తెలిశాక ఆగలేకపోయాను. ఆ శనివారమే మల్లింగర్ వెళ్ళే రైలెక్కేశాను.

మల్లింగర్ నుంచి టాక్సీలో డెర్రవారా సరస్సుకి వెళ్ళాను. చెప్పాలంటే చాలా మామూలు సరస్సు. ఒక పక్క నాక్ అయాన్ అనే గుట్ట, చుట్టూ ఆవులు మేసే పొలాలు, రెల్లు, బూడిదరంగు నీళ్ళు. ఆ పూట నాకు ఒక్క హంసా కనిపించలేదు. అయినా కథ నాకు దొరికింది అక్కడ కాదు, ఆ రాత్రి నేను బస చేసిన ఇంటి వంటగదిలో.

ఆ ఇంటి పెద్దావిడకి డెబ్బై ఐదేళ్ళు ఉంటాయి. 1937 నుంచి 1939 దాకా ఈ దేశంలో సుమారు 5,000 బడుల పిల్లల చేత, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి పాత కథలు నోట్‌బుక్కుల్లో రాయించారు. వాళ్ళమ్మ కూడా అప్పుడు రాసిందట. కథలు చెప్పేవాళ్ళని ఇక్కడ షానహీ అంటారు, "నేను షానహీని కాను, మా అమ్మమ్మ చెప్పింది చెబుతానంతే" అంటూనే టీ కలిపి మొదలుపెట్టింది.

లిర్ భార్య ఈవ్ రెండుసార్లూ కవలల్నే కని, రెండో కాన్పులో పోయింది. పిల్లలకి తల్లి కావాలని ఆమె చెల్లెలు ఈఫాని చేసుకున్నాడు. ఇక్కడ నేను ఆవిణ్ణి ఆపాను. మా భాషలో అమ్మ చెల్లెల్ని ఏమని పిలుస్తామో నాన్న రెండో భార్యనీ అదే మాటతో పిలుస్తాం, రెండిటికీ పిన్నే అని చెప్పాను. ఆవిడ ఆ మాటని రెండుసార్లు పలికి చూసింది. ఆ పిన్నికి అసూయ పుట్టి పిల్లల్ని ఈ సరస్సుకి తీసుకొచ్చి హంసలుగా మార్చేసింది. ఇక్కడ 300 ఏళ్ళు, ఉత్తరాన స్కాట్లాండ్ వైపు ఉన్న మోయిల్ సముద్రంలో 300, పడమట మేయో తీరాన ఇంకో 300. ఒక్క మాటా పాటా మాత్రం వాళ్ళకే వదిలేసింది.

మోయిల్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గింది. తుపాను రాత్రి నలుగురూ చెదిరిపోయారు. విడిపోతే సీల్ అనే సముద్రజంతువులు చేరే బండ దగ్గర కలుద్దామని అక్క ఫినూలా ముందే చెప్పి ఉంచింది. ఒక్కొక్కరే చలికి బిగుసుకుపోయి వస్తే, ఇద్దరిని రెండు రెక్కల కిందా, మూడోవాణ్ణి రొమ్ము ఈకల్లోకీ లాక్కుంది. ఆఖరికి శాపం తీరి ముసలివాళ్ళయిపోయి చనిపోయేటప్పుడు కూడా, గోతిలో తమ్ముళ్ళని అలాగే తన చుట్టూ పెట్టమని అడిగిందట.

నాకు కన్నీళ్ళు ఆగలేదు, ఎందుకో ఆవిడకి చెప్పాల్సి వచ్చింది.

1996 నవంబరు 6, కోనసీమ తుపాను. అమ్మ పోయి అప్పటికి ఏడాది. నాన్న రొయ్యల చెరువు దగ్గర చిక్కుకుపోయాడు. నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి ఐదు, అక్కకి పదమూడు. పెంకులు ఎగిరిపోతుంటే అక్క మమ్మల్ని గోడవారకి లాగి, చెరో చంకలో ఇద్దర్నీ ఇరికించుకుని, పైన గోనెపట్టా కప్పి తెల్లారేదాకా అలాగే కూర్చుంది. పొద్దున చూస్తే కొబ్బరిచెట్లు ఒక్కటీ నిలబడి లేదు. ఆ రాత్రి గురించి ఇన్నేళ్ళలో మేం ముగ్గురం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఎందుకో తెలీదు. నాకు గుర్తున్నది ఆ చంక వెచ్చదనం ఒక్కటే. ఎక్కడో ఐర్లండులో ఒక అమ్మమ్మ నోట బతికిన కథ వచ్చి ఆ రాత్రిని నా ముందు పెట్టింది.

తెల్లారి సరస్సు ఒడ్డు నుంచే అక్కకి ఫోన్ చేసి కథంతా చెప్పాను. మధ్యలో ఊఁ కొడుతూ వింది. రెక్కల సంగతి చెప్పాక చాలాసేపు ఏమీ అనలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

"మరి ఆ పిల్లని ఎవరు కప్పార్రా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి పెద్దావిణ్ణి అదే అడిగితే, పొయ్యి మీద కెటిల్ పెట్టబోతున్నది చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. "మా అమ్మమ్మని నేనెప్పుడూ ఇది అడగలేదు" అంది.