కౌమార ఆరోగ్యం నేర్పే నర్సు టీచర్లకు

బీఎస్సీ నర్సింగ్ అయ్యాక కౌమార ఆరోగ్యంలోనే పైకి రావాలనుకునే వాళ్లకు మొదటి చిక్కు, ఎమ్మెస్సీలో ఆ పేరుతో విభాగమే లేకపోవడం. పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలు కొంత చైల్డ్ హెల్త్‌లో, కొంత కమ్యూనిటీ హెల్త్‌లో పడతారు. నేనైతే కమ్యూనిటీయే తీసుకోమంటాను. ఈ వయసువాళ్లు విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి వార్డుల్లో కన్నా గాజువాక బళ్లలో, పాడేరు హాస్టళ్లలోనే ఎక్కువ దొరుకుతారు.

విద్యార్థులు ఎక్కువగా తప్పేది హిమోగ్లోబిన్ పరీక్షలో. మధ్య వేలో ఉంగరం వేలో పట్టుకుని, చివరన కాకుండా పక్కన పొడవాలి. స్పిరిట్ పూర్తిగా ఆరాలి. మొదటి చుక్క తుడిచెయ్యాలి. రక్తం రాలేదని వేలు పిండితే కణజాల ద్రవం కలిసి రీడింగ్ తగ్గుతుంది, లేని రక్తహీనత రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి డెసీలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల లోపైతే రక్తహీనత, 8 లోపైతే ఆసుపత్రికే. ఏజెన్సీ పిల్లలకు తక్కువ వస్తే వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు సికిల్ సెల్ ఉందేమో చూసే పరీక్షకు చీటీ రాయడం మర్చిపోకూడదు.

వారానికోసారి బడిలో ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దాన్ని భోజనం అయ్యాకే, టీచర్ ఎదురుగానే మింగించాలి. ఖాళీ కడుపున ఒకమ్మాయికి వికారం వస్తే చాలు, మర్నాటికి క్లాసంతా మాత్ర వద్దంటుంది. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెబితే సగం భయం పోతుంది. జ్వరంతో ఉన్న పిల్లకు ఆ వారం మాత్ర ఇవ్వకూడదు. తలసీమియా ఉన్నా, తరచూ రక్తం ఎక్కించుకుంటున్నా అసలు వద్దు.

అసలు కష్టం మాట్లాడటంలో ఉంది. ముందు తల్లీకూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి వినాలి. తర్వాత, “అమ్మా, పది నిమిషాలు బయట కూర్చోండి, ఈ వయసు పిల్లలందరితో విడిగానే మాట్లాడతాం” అనాలి. ఆ “అందరితో” వదిలేస్తే తల్లికి అనుమానం మొదలవుతుంది. ఆ తర్వాత ఇల్లు, చదువు, తిండి, స్నేహితులు, అలవాట్లు, ప్రేమ వ్యవహారాలు, చివరికి చచ్చిపోవాలన్న ఆలోచనలు, ఈ వరస తప్పకూడదు. కొత్త విద్యార్థులు రెండో ప్రశ్నకే ప్రేమ దగ్గరికి దూకుతారు, పిల్ల నోరు మూసేసుకుంటుంది. చావు గురించి మాత్రం డొంకతిరుగుడు లేకుండా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. ఉందని తేలితే ఒంటరిగా వదలకుండా డాక్టర్‌కు అప్పగించాలి. ఇంటికి వెళ్లేటప్పుడు మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు కూడా రాసివ్వాలి.

“నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను” అని మాటివ్వకూడదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఆ సంగతి పిల్ల నోరు విప్పక ముందే చెప్పాలి. లేకపోతే నమ్మకద్రోహం చేశారనుకుంటుంది.

ఇలా మాట్లాడటాన్ని బోర్డు మీద రాసి నేర్పలేం. ఒక టీచర్ ఏం అడిగినా “ఊఁ” అనే పదో తరగతి పిల్లలా కూర్చోవాలి, విద్యార్థి ఎనిమిది నిమిషాలు మాట్లాడించాలి. మార్కుల షీట్‌లో ప్రశ్నలతో పాటు మౌనానికీ ఒక గడి పెట్టండి: అడిగాక పది సెకన్లు ఆగిందా, లేక జవాబు తనే అందించేసిందా?