పసుపు మంచు

మిన్నెసోటాలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచరుకి సహాయకురాలిగా చేస్తున్నాను. మమ్మల్ని 'పారా' అంటారు, జీతం గంటల లెక్కన. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివి పిల్లల ముక్కులు తుడవడమేంటే అని మా పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. జనవరిలో ఒకటో తరగతిని ఆటకి బయటికి తీసుకెళ్లాలంటే స్నో ప్యాంటు, బూట్లు, కోటు, టోపీ, గ్లవ్స్ అన్నీ తొడగాలి. ఆఖరివాడికి జిప్పు పెట్టేసరికి మొదట తయారైనవాడికి బాత్రూం వస్తుంది. చలిగాలి మరీ కోసేస్తుంటే ఆట లోపలే. అలాంటి రోజుల్లో బొమ్మల పని పెట్టుకుంటాం.

కాగితంతో మంచురవ్వలు కత్తిరించడం అందరికీ తెలిసిందే. అందులో నాకో పట్టింపు. కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిస్తే ఎనిమిది కొమ్ములొస్తాయి. నిజం మంచుకి ఆరే ఉంటాయి, నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు షడ్భుజంగా సర్దుకుంటాయి మరి. 1885లో విల్సన్ బెంట్లీ అనే వెర్మాంట్ రైతు మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి మంచురవ్వని ఫొటో తీశాడు, ఆ తర్వాత అలాంటివి ఐదు వేలకి పైగా తీశాడు. ఆ ఫొటోలు చూపించి, సగానికి మడిచిన కాగితాన్ని మూడు పొరలుగా మడవడం నేర్పిస్తాను. ఆరేళ్ల వేళ్లకి అది కష్టమే. అయినా వదలను.

పిల్లలకి ఇష్టమైంది మాత్రం ఉప్పు బొమ్మ. మందపాటి కాగితం మీద తెల్ల క్రేయాన్ గట్టిగా నొక్కి చెట్లూ ఇళ్లూ గీస్తారు. ఏమీ కనపడట్లేదని గోల. పైన నీలం నీళ్లరంగు పూస్తే మైనం ఉన్నచోట రంగు అంటదు, చెట్టు బయటపడుతుంది. తడి మెరుస్తుండగానే ఉప్పు చల్లాలి. ఉప్పు రంగునీళ్లని తనవైపు లాక్కుంటుంది. ఆరాక దులిపితే అక్కడక్కడ తెల్లని మచ్చలు, అచ్చం మంచు పడుతున్నట్టే.

డిసెంబరు సెలవులకి విశాఖ వచ్చినప్పుడు సీతమ్మధారలో అన్నయ్యావాళ్ల డాబా మీద ఇదే పెట్టాను. మేనకోడలూ, పక్క ఫ్లాట్ల పిల్లలూ చేరారు. డబ్బాలో ఉప్పు ముద్దకట్టి ఉంది, సముద్రపు గాలి కదా. వదిన దాన్ని మూకుట్లో వేయించి, చల్లార్చి ఇచ్చింది. అక్కడ హీటరు గాలికి బొమ్మ భోజనాల వేళకే ఆరిపోతుంది. ఇక్కడ సాయంత్రానికీ వేలికి అంటుతూనే ఉంది.

"ఏటి గీయాలత్తా?" అంది మేనకోడలు.

"చలికాలం గీయవే."

ఒకడు లంబసింగిలో బైకు సీటు మీద తెల్లగా చూశానని అదే గీశాడు. మేనకోడలు నీలం ముట్టుకోలేదు. అరకు వెళ్లొచ్చింది కదా, కాగితమంతా పసుపు పూసేసి ఉప్పు చల్లింది. వలిస పూల చేను, పైన పొగమంచూ అట. నాకు తెగ నచ్చి మడవకుండా సూట్‌కేసులో పెట్టుకున్నాను.

జనవరిలో మా క్లాసు గోడకి అతికిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లకి పసుపు మంచంటే కుక్క పాస్ పోసింది! టీచరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. ఫోన్లో అరకు వలిస చేల ఫొటో తీసి చూపించాను, చలికాలంలోనే పూస్తాయని చెప్పాను. ఆ మధ్యాహ్నం క్లాసులో పసుపు రంగంతా అయిపోయింది. నీలం డబ్బాల మూత కూడా ఎవరూ తియ్యలేదు.